కాంటా దగ్గర పద్మ వంతు

వెళ్ళేటప్పుడు నా సంచిలో రెండు చీరలు, ఒక తువ్వాలు, బోలెడంత కోపం ఉన్నాయి. తిరిగి వచ్చేసరికి కోపం దారిలో ఎక్కడో జారిపోయింది. దాని చోట అసూయ చేరింది. హేతువాదికి అసూయ తగదంటారు. తగినా తగకపోయినా నన్ను పట్టుకుంది, దాచుకోవడం నాకు చేతకాదు. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ వైపు ఎన్నడూ వెళ్ళని మా తెనాలివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ముందు నా కోపం సంగతి. ప్రభుత్వం నడిపే మహిళా సంఘాల మీద నాకు మంచి అభిప్రాయం ఉండేది కాదు. పదిమంది ఆడవాళ్ళను ఒక గుంపు చేయడం, పొదుపు చేయించడం, బ్యాంకులో అప్పు ఇప్పించడం, మంత్రి వచ్చిన రోజున ఆ గుంపునే బస్సెక్కించి సభకు తోలడం. దీన్ని స్త్రీ విముక్తి అంటే నాకు ఒళ్ళు మండేది. కిస్తీ కట్టడం విముక్తి ఎప్పుడైంది? ముప్ఫై ఏళ్ళుగా ఊరూరా తిరిగి తాళి ఎందుకు, బొట్టు ఎందుకు, ముహూర్తం ఎందుకు అని అడుగుతున్న మనిషిని నేను. మా సభలకు వచ్చే జనం కంటే మా బ్యానరు మీద ఉండే అక్షరాలు ఎక్కువ. అలాంటిది, ఏ ప్రశ్నా అడగని ఈ సంఘాలకు ప్రతి ఊళ్ళోనూ ఆడవాళ్ళు తరలి వస్తున్నారు. కళ్ళారా చూసి మరీ దుమ్మెత్తిపోద్దామని బయల్దేరాను.

కోదాడ

విజయవాడ నుంచి వచ్చే బస్సు కోదాడలో ఆగగానే మాట మారుతుంది. పూర్తిగా మారదు, సగం మారుతుంది. బస్టాండు పక్కన ఒక మహిళా సంఘం నడిపే క్యాంటీన్లో కూర్చుంటే, "ఇడ్లీ అయిపోయిందండి, ఉప్మా ఉంటది, పెట్టమంటారా?" అంది వడ్డించే ఆమె. ఒకే వాక్యంలో రెండు రాష్ట్రాలు.

టీ పది రూపాయలు. మా ఊళ్ళోనూ అంతే, కాని ఇక్కడి గ్లాసు కాస్త పెద్దది. ఉప్మాలోకి పల్లీల చట్నీ వేసింది. అల్లం పచ్చడి లేనిదే మాకు టిఫిన్ దిగదు కదా, అడిగాను.

"అల్లం పచ్చడా? జలుబు చేసిందా అమ్మా?" అంది జాలిగా.

ఆ జాలి అక్కడితో ఆగలేదు. నా నుదురు చూసింది, మెడ చూసింది, గొంతు తగ్గించింది. "ఎన్నాళ్ళయిందమ్మా?"

"దేనికి?"

"సారు పోయి."

"పోలేదు. ఇంట్లో పేపరు చదువుకుంటున్నాడు."

ఆమె నాలుక కరుచుకుని లోపలికి పరుగెత్తి, అడగకుండానే ఒక వడ తెచ్చి పళ్ళెంలో పెట్టింది. మొగుడు ఉండి కూడా ఇలా తిరిగే మనిషి మీద ఆమెకు ఇంకా ఎక్కువ జాలి కలిగినట్టుంది. వడ బాగుంది. సిద్ధాంతం కోసం దాన్ని వదిలేయలేదు.

అంతలో భారతి వచ్చింది. నన్ను పిలిచింది ఈమే. సంఘాల పని చూసే చిరుద్యోగి, ఊళ్ళన్నీ స్కూటీ మీద తిరుగుతుంది. చదువుకునే రోజుల్లో కోదాడ కాలేజీలో నా ఉపన్యాసం విన్నదట.

"మేడం, మీ స్పీచ్ నాకు ఇప్పటికీ యాదికుంది."

నాకు ఛాతీ కొంచెం పొంగింది. "ఏం చెప్పాను?"

"అది యాదికి లేదు గానీ మేడం, మైకు ఖరాబైనా మీరు ఆపలే."

అనంతగిరి

స్కూటీ వెనక కూర్చుని అనంతగిరి వెళ్ళాను. ఒక రేకుల షెడ్డు కింద, చాప మీద, సంఘం సమావేశం. అందరూ గుండ్రంగా కూర్చున్నారు. ముందు వరస, వెనక వరస లేవు. ఒకామె కోడలి మీద ఫిర్యాదు చెప్పింది, ఆ కోడలు ఎదురుగానే కూర్చుని జవాబు చెప్పింది, మిగతావాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. రాని మనిషికి జరిమానా. రాని మనిషి ఒక్కతీ లేదు కాబట్టి జరిమానా కూడా లేదు. మా సంఘంలో ఆ నియమం పెడితే మేం ఈపాటికి సొంత భవనం కట్టుకునేవాళ్ళం.

నేను పరిశీలించిందల్లా ఒక్క మాట చుట్టూ తిరుగుతోంది. వంతు. చాప పరవడం వంతు, టీ కాయడం వంతు, బ్యాంకుకు వెళ్ళి మేనేజరుతో మాట్లాడడం వంతు. ఒక మూల ముడుచుకుని కూర్చున్న అమ్మాయిని చూపించి, "రేపు మేనేజర్ తోని ఈమెనే మాట్లాడాలె" అన్నారు. ఆ అమ్మాయి "నాకు భయం" అంది. "భయపడుకుంటనే మాట్లాడు. మేమట్లనే మాట్లాడినం" అన్నారు. అంతే, చర్చ ముగిసింది.

"లీడరు కూడా వంతేనా?" అని అడిగాను.

"మరి? ఒక్కతే ఉంటే ఇగ దిగదు గద మేడం."

మా హేతువాద సంఘంలో అధ్యక్షుడు మొదటి నుంచీ ఒకాయనే, కార్యదర్శిని నేనే. మార్చాలనే తీర్మానం వచ్చినప్పుడల్లా మేమిద్దరమే దాన్ని ఓడించాం. ఆ సంగతి అక్కడ చెప్పలేదు.

చివర్లో నన్ను మాట్లాడమన్నారు. లేచి, గొంతు సవరించుకుని, "సోదరీమణులారా" అన్నానో లేదో బయట బస్సు హారను కొట్టింది. ఎదురుగా ఉన్న సోదరీమణులు సగంమంది చెప్పులు వేసుకున్నారు. మిగతా సగం నాకు మర్యాదగా నమస్కారం పెట్టి ఆ తరవాత వేసుకున్నారు.

చాప మడుస్తుండగా భారతికి ఫోనొచ్చింది. చేతులు ఖాళీ లేక స్పీకరు పెట్టింది. అవతల ఎవరో పెద్దామె గొంతు, గరుకుగా. "భారతమ్మా, రేపు నువ్వు రావాలె. పద్మ కాంటా వెడతదంటే నర్సయ్య లొల్లి వెడుతుండు."

స్కూటీ మీద భారతి నాకు సంగతంతా చెప్పింది. చివ్వెంల దాటాక ఒక ఊరు. పేరు రాయనని అక్కడివాళ్ళకు మాట ఇచ్చాను. ఆ ఊళ్ళో ప్రభుత్వం తరఫున రైతుల దగ్గర వడ్లు కొనే కేంద్రాన్ని మహిళా సంఘమే నడుపుతుంది. తూకం వేసే కాంటా ప్రతి పంటకూ ఒకరి వంతు. మొదటి బస్తా ఎక్కించే ముందు కాంటాకు పసుపు, కుంకుమ పెట్టి, ఆ వంతు వచ్చిన ఆమె కొబ్బరికాయ కొడుతుంది. ఈ యాసంగికి, అంటే రెండో పంటకు, వంతు పద్మది. మొన్న చలికాలంలో పద్మ భర్త బోరు మోటారు దగ్గర కరెంటు షాకు కొట్టి చనిపోయాడు. ముండమోసిన మనిషి మొదటి కాంటా పెడితే తన పంట ఏమైపోవాలని అడ్డం పడుతున్న నర్సయ్య పరాయివాడు కాదు. ఆమె భర్తకు సొంత చిన్నాయన.

నాకు నిజంగా సంతోషం వేసింది. సిగ్గుపడకుండా రాస్తున్నాను. ముప్ఫై ఏళ్ళుగా నేను సాన పట్టిన విషయం ఇది. రేపు ఆ ఊరికి నా అవసరం ఉంది అనుకున్నాను.

సూర్యాపేట

సాయంత్రం సూర్యాపేటలో భారతి ఇంటికి బియ్యం కొనడానికి ఒక పాత కొట్టుకు వెళ్ళాం. తరతరాలుగా ధాన్యం వ్యాపారం చేస్తున్న కుటుంబం. గల్లా పెట్టె వెనక పెద్ద సేటు, ఆయన వెనక దేవుళ్ళ పటాలు. భారతిని చూసి నవ్వాడు.

"ఏందమ్మా, మా కడుపు కొట్టెటోళ్ళు మా దుకాణానికే వస్తిరి?"

"మీ కడుపు జర పెద్దది సేటూ, కొట్టినా తెల్వది."

ఆయన గట్టిగా నవ్వి, నా వైపు తిరిగి మనసులో మాట చెప్పాడు. "మా తాత నుంచి తూకం మా చేతుల ఉండె. ఇప్పుడు ఆడోళ్ళు కాంటా పట్టిన్రు. తప్పేం లేదమ్మా. కాని పొద్దున లేస్తే రైతు వాళ్ళకు నమస్తే పెడతడు. మాకు పెట్టడు. గదొక్కటే బాధ."

ఆ బాధ నాకు చప్పున అర్థమైంది. నాకు కూడా నమస్తేలు తక్కువ.

రాత్రి జొన్న రొట్టెలూ పచ్చి పులుసూ తిన్నాం. మా వైపు చారు కాచకుండా పోసుకోరంటే భారతి అత్తగారు, "కాసినంక ఇగ అందుల ఏముంటది?" అంది. పడుకునే ముందు నా ఉపన్యాసాన్ని మనసులో ఒకసారి వల్లించుకున్నాను.

చివ్వెంల దాటాక

ఊరి బయట బీడు నిండా వడ్ల కుప్పలు. తూర్పార పట్టే యంత్రం రొద, ఎగిరే పొట్టు, దానితో పట్టుకునే దురద. మెడ గోక్కుంటూ దిగాను. సంఘం ఆడవాళ్ళు ముఖాలకు కండువాలు చుట్టుకుని పనిలో ఉన్నారు. నీడ అంటే ఒక చిన్న టెంటు, అంతే. దీనికి పై అధికారులను ఎంత తిట్టినా తప్పులేదు.

ఫోనులో విన్న గరుకు గొంతు సైదమ్మది. పోయినేడు కాంటా ఆమె వంతు. పద్మకు ముప్ఫై అయిదేళ్ళు ఉంటాయేమో. చేతులకు గాజులు లేవు, నుదుట చిన్న నల్ల స్టిక్కరు ఉంది. దినాలు అయ్యాక వచ్చిన సమావేశంలో సైదమ్మ తన నుదుటి స్టిక్కరు తీసి ఆమెకు అంటించిందట. నేను వాదించి తీసేసుకున్నదాన్ని ఈమెకు వీళ్ళు వాదన లేకుండా తిరిగి పెట్టారు. నాకు అది నచ్చలేదు. నచ్చకపోయినా కళ్ళు తిప్పుకోలేకపోయాను.

కాంటాకు పసుపు రాసి ఉంది. పద్మ చేతిలో కొబ్బరికాయ. ఎదురుగా నర్సయ్య. సన్నటి ముసలాయన, నెత్తికి తువ్వాలు. కేంద్రానికి వడ్లు మొదట తెచ్చింది ఆయనే, రాత్రుళ్ళు కుప్ప పక్కనే పడుకుని కాపలా కాశాడు. మొదటి తూకం ఆయనదే.

"నేను పద్మను ఏమన్న అంటున్ననా? ఒక్క కొబ్బరికాయ సైదమ్మ కొట్టని. ఆ తర్వాత కాంటా పద్మనే పెట్టుకోని. పోయిన యాసంగిల వాన కొట్టి వడ్లు మొలకలొచ్చినయ్. భయముండదా నాకు?"

పద్మ నేల చూపులు చూస్తూ, "అత్తమ్మా, నువ్వే కొట్టరాదు. ఎందుకీ లొల్లి" అంది సైదమ్మతో.

"నా వంతు పోయినేడే ఒడిసిపోయింది. ఇయ్యాల కొబ్బరికాయ ఇడిస్తే రేపు కాంటా ఇడువుమంటరు. ఎల్లుండి సంఘమే ఇడువుమంటరు. పట్టుకో గట్టిగ."

ఇదే సమయమనుకుని నేను ముందుకు వచ్చాను. మైకు లేకపోయినా గొంతు బాగానే లేచింది. వడ్లకు మనుషుల పెళ్ళిళ్ళతో ఏం పని అన్నాను. వాన మబ్బును చూసి కురుస్తుందా, నుదురును చూసి కురుస్తుందా అన్నాను. జనం చుట్టూ చేరారు. ఊపు వచ్చింది. "మీ అబ్బాయిని చంపింది కరెంటు. ఎర్తు లేని స్టార్టరు డబ్బా. ఈమె నుదుటి రాత కాదు!" అన్నాను.

పద్మ కళ్ళ నిండా నీళ్ళు. కొబ్బరికాయను పొట్టకు ఆనించుకుని అటు తిరిగింది. నేను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. దాని వల్ల ఆమెకు ఒరిగిందీ ఒక్క ముక్క లేదు.

"మా పిలగాని ముచ్చట ఎత్తకు" అన్నాడు నర్సయ్య. తరవాత నన్ను నిదానంగా చూశాడు. "నువ్వెవరమ్మా అసలు? నీ పెనిమిటి గూడ పోయిండా?"

"ఉన్నాడు!"

"ఉంటే బొట్టేది?"

ఎవరో కిసుక్కుమన్నారు. బొట్టు ఎందుకు అక్కర్లేదో చెప్పడం మొదలుపెట్టాను. వాదన పద్మను వదిలేసి నా నుదుటి మీదికి వచ్చి కూర్చుంది. "ఒక్కరంటే ఇద్దరైరి ఇయ్యాల" అని నర్సయ్య తువ్వాలు దులుపుకున్నాడు.

సైదమ్మ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టింది. "మేడం, జర కూసో. నీ మాట నిజమే గానీ ఇప్పుడు పనికి అడ్డమొస్తున్నది."

ఆ తరవాత జరిగింది చాలా చిన్నది. సైదమ్మ నర్సయ్యతో, "మామా, వంతు పద్మది. నీకు ఇష్టం లేదా, నీ వడ్లు నువ్వు మళ్ళ కప్పుకో. బలిమి లేదు" అంది. వెంటనే రెండో కుప్ప మీద నుంచి ఒకామె దిగింది. తండా నుంచి వచ్చిన రైతు, పేరు మంగ్తి. వెనక కూర్చున్న కూతురితో లంబాడీలో ఏదో చెప్పి, మాతో తెలుగులో అంది.

"పద్మక్కా, నాది పెట్టు ముందుగాల. మబ్బు లేస్తున్నది గాడ, సూడు."

హమాలీలు బస్తాలు పట్టుకుని ఆమె కుప్ప వైపు నడిచారు. నర్సయ్య మబ్బును చూశాడు, హమాలీలను చూశాడు, మంగ్తి కుప్పను చూశాడు.

"ఆగుండ్రి! ఇన్ని దినాలు కాపలా పన్నది నేను. మొదటి లారీల తండా వడ్లు పోతయా?"

"తండా వడ్లతో గూడ అన్నమే వండుకుంటరు తాతా. నువ్వొద్దంటివి, నేను పెడుతున్న."

"ఎవడొద్దన్నడు? ఎవడు?" ముసలాయన గంతు వేసినంత పని చేశాడు. "నాది మొదలు. రాండ్రిటు! కొట్టు బిడ్డా, కొట్టు, ఏం సూస్తున్నవ్?"

తండా వడ్లు అన్న ఆ మాటలో ఇంకో మురికి ఉంది. దానితో పోట్లాట ఇంకా మిగిలే ఉంది. కాని ఆ క్షణంలో పద్మ కళ్ళు తుడుచుకుని కొబ్బరికాయ కొట్టింది. అది సరిగా పగల్లేదు. ఒక చిప్ప ఎగిరి దూరంగా దుమ్ములో దొర్లింది. అందరి కళ్ళూ దాని వెంట వెళ్ళాయి. ఎవరైనా నోరు తెరిచేలోగా సైదమ్మ అరిచింది. "బస్తా ఎక్కియ్యుండ్రి!"

బస్తా ఎక్కింది. పద్మ తూకం చదివింది. మొదటిసారి నోట్లోనే గొణిగింది. "ఇనపడ్తలేదు" అన్నాడు నర్సయ్య. ఆమె మళ్ళీ చదివింది, బీడంతా వినపడేలా.

నేను కుర్చీలోనే ఉన్నాను. మనుషుల్లో వివేకం ఉందని నమ్మి ముప్ఫై ఏళ్ళుగా దాన్ని పిలుస్తున్నాను. అది సావకాశంగా వస్తుంది, ఒక్కోసారి రాదు. ఇక్కడ పిలవకుండానే అసూయ వచ్చి నా పని చేసిపెట్టింది. పక్కవాడి వడ్లు ముందు పోతాయన్న మంట ముందు అపశకునం నిలవలేదు. నాకు కడుపు మండిపోయింది. గెలుపు వచ్చింది, అందులో నా వాక్యం ఒక్కటీ లేదు. పైగా దానికి కొబ్బరికాయ కూడా కొట్టారు.

"మంగ్తికి ముందే చెప్పిపెట్టావా?" అని సైదమ్మను అడిగాను.

"చెప్పుడెందుకు మేడం? వాన నెత్తి మీదుంటే ఎవలు ఊకుంటరు?" అని నాకు ఒక కొబ్బరి ముక్క ఇచ్చింది. తిన్నాను.

మధ్యాహ్నం రొట్టె, టమాట తొక్కు, చల్లటి సల్ల. మజ్జిగను ఇక్కడ అలా అంటారు. మా ఇంట్లో మజ్జిగలో అల్లం, కరివేపాకు లేనిదే తాగం. ఆ ఎండలో ఉత్త సల్ల తాగాక ఆ హంగులన్నీ నీడలో కూర్చునేవాళ్ళవని తోచింది.

బయల్దేరుతుంటే ఆపారు. ఇంటికి వచ్చిన ఆడమనిషికి బొట్టు పెట్టి రైక ముక్క ఇచ్చి పంపడం ఇక్కడా అలవాటే. సైదమ్మ కుంకుమ పళ్ళెం తెచ్చింది. తెచ్చి, కావాలనే, పద్మ చేతిలో పెట్టింది. నర్సయ్య కొంచెం దూరంలో సల్ల గ్లాసు పట్టుకుని చూస్తున్నాడు.

మా అమ్మ చివరి రోజుల్లో అడిగితే కూడా నేను బొట్టు పెట్టించుకోలేదు. పెట్టించుకోనని ఎన్ని వేదికల మీద చెప్పానో లెక్కలేదు. ఇప్పుడు కాదంటే? నేను బొట్టును కాదన్నానని ఆ బీడులో ఒక్కరూ అనుకోరు. పద్మ చేతిని కాదన్నానని అనుకుంటారు. వివరించబోతే సైదమ్మ మళ్ళీ కుర్చీ చూపిస్తుంది. పద్మ వేలు కుంకుమలో ఆగిపోయి ఉంది.

తల వంచాను. ఆమె బొట్టు పెడుతుంటే కొంచెం కుంకుమ ముక్కు మీద రాలింది.

"ఇగ మీ సారు బతికే ఉన్నడని ఆయనకు గూడ నమ్మకమొస్తది" అంది సైదమ్మ. అందరికంటే గట్టిగా నర్సయ్య నవ్వాడు.

మిర్యాలగూడ

మిర్యాలగూడ దగ్గర పడిందని తవుడు వాసన చెబుతుంది. రోడ్డుకు రెండు పక్కలా రైసు మిల్లులు, వాటి ముందు వడ్ల లారీల బారు. స్టేషన్లో తెనాలి వెళ్ళే రైలు ఆలస్యం. పది రూపాయలకు రెండు మిరపకాయ బజ్జీలు కొన్నాను. మావాటిలో వాము పెట్టి కూరుతారు, ఇక్కడ ఉత్త మిరపకాయే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పక్కన కూర్చున్నావిడ నీళ్ళ సీసా అందించి, నన్ను ఎగాదిగా చూసి, చనువుగా అడిగింది. "మీ సారు ఏం జేస్తరక్కా?"

పొద్దుటిదాకా ఉన్నాడా అని అడిగారు. ఇప్పుడు ఏం చేస్తాడని అడుగుతున్నారు. వేలెడంత కుంకుమ మా ఆయనను బతికించి, ఉద్యోగంలో కూడా చేర్పించింది. "పేపరు చదువుతాడు" అన్నాను. ఆవిడకు అది ఏ శాఖో అర్థం కాలేదు.

చినుకులు మొదలవుతుండగా భారతి ఫోను చేసింది. వాన పడకముందే నర్సయ్య లారీ వెళ్ళిపోయిందట. మంగ్తి బస్తాలు కూడా దానిలోనే ఎక్కాయట.

"ఇంకో ముచ్చట మేడం. పద్మ చెయ్యి మంచిదని నర్సయ్య మామ ఊరంత చెప్పుకుంట తిరుగుతుండు. ఇగ ఎప్పుడైనా మొదటి కాంటా ఆమెతోనే పెట్టియ్యాలని రైతులందరు వచ్చి కూసున్నరు."

నా బజ్జీ గొంతులో అడ్డం పడింది. శకునం చచ్చిపోలేదు, పార్టీ మార్చింది. "మరి సైదమ్మ ఏమంది?"

"ఏమంటది? మంచి చెయ్యి లేదు, చెడ్డ చెయ్యి లేదు. వచ్చే పంటకు వంతు లింగమ్మది, పోండ్రి అన్నది."

ఆ వాక్యం నేను రాయవలసింది. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారైనా నా నోటి నుంచి రావలసింది. బస్తా ఎక్కిస్తూ, చెమట తుడుచుకుంటూ, ఎవరినీ ఒప్పించే ప్రయత్నం చేయకుండా ఆమె అనేసింది. రైలు కృష్ణ దాటేదాకా నేను కుళ్ళుతూనే ఉన్నాను. కిటికీ అద్దంలో నా ముఖం కనబడినప్పుడల్లా బొటనవేలు నుదుటి దాకా వెళ్ళి తిరిగి వచ్చింది.

ఇంటి తలుపు తీసిన మా ఆయన చేతిలో పేపరుతో అలాగే నిలబడిపోయాడు. నా నుదురు చూశాడు. ముక్కు మీద మిగిలిన ఎరుపు కూడా చూశాడు.

"వాదంలో నిన్ను ఓడించిన మనిషి ఎవరు?"

"వాదం జరగనే లేదు" అన్నాను, చెప్పులు విప్పుతూ. "నా ఏడుపంతా అదే."